కోఠీలో ఎక్కడ కూర్చుని తిందాం?

ఫలానా ఊళ్ళో ఏం బావుంటుంది, ఏ వీధిలో ఎక్కడ తినాలి అని చెప్పే రాతలు మనకి కొత్తవేం కాదు. పదిహేనో శతాబ్దపు 'క్రీడాభిరామం' ఒకరకంగా అలాంటిదే. వినుకొండ వల్లభరాయుడు రాశాడని కొందరు, కాదు శ్రీనాథుడే రాశాడని కొందరు వాదించుకున్న ఆ వీధి నాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఆటలూ పాటలూ కోడిపందేలూ చూస్తారు. పూటకూటింట్లో ఒక రూకకి దొరికే కమ్మటి భోజనం సంగతి నోరూరేలా చెప్తారు. దారి పొడుగునా కనిపించిన ఆడవాళ్ళనల్లా వర్ణిస్తారు.

అందులోని శృంగారాన్ని ఇప్పుడు కొత్తగా తిట్టాలని కాదు, ఆ పని ఇదివరకే చాలామంది చేశారు. నన్ను ఆలోచింపజేసేది ఆ నడక. ఇద్దరు మగవాళ్ళు నడుస్తారు, తింటారు, చూస్తారు. ఆడవాళ్ళు వండుతూనో, అమ్ముతూనో, కనబడుతూనో ఉంటారు. ఇవాళ చేతిలో ఫోను పట్టుకుని కోఠీ, ఆబిడ్స్‌లో 'తప్పక తినాల్సిన పది' అని వీడియోలు తీసే కుర్రాళ్ళని చూసినా నాకు ఆ ఇద్దరు మిత్రులే గుర్తొస్తారు. రుచి గురించి బాగానే చెప్తారు, కాదనను. కానీ అక్కడ కుర్చీ ఉందా, ఉంటే ఒంటరిగా వచ్చిన ఆడమనిషి అందులో ఎంతసేపు కూర్చోవచ్చు, మంచినీళ్ళు ధైర్యంగా తాగొచ్చా, తాగితే ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలి... ఇవేవీ వాళ్ళకి తట్టవు. తట్టాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు.

నా ఉద్యోగ జీవితం చాలావరకు కోఠీ చుట్టుపక్కలే గడిచింది. కోఠీ అంటే భవంతి. బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. 1949 నుంచి ఆ భవనం ఉమెన్స్ కాలేజీది. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమై, తర్వాత చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. దాని బయట బస్టాపు, కాస్త అవతల సుల్తాన్ బజార్, బడీచౌడీ, గుజరాతీ గల్లీ, పుత్లీబౌలీ. అక్కణ్ణించి మొజంజాహీ మార్కెట్ మీదుగా ఆబిడ్స్ దాకా, నింపాదిగా నడిస్తే అరగంట, గాజుల దగ్గరా జాకెట్ పీసుల దగ్గరా ఆగితే సాయంత్రమంతా. నగరంలో ఇంతమంది ఆడవాళ్ళు రోడ్డు మీద కనిపించే చోట్లు తక్కువ. 2023 డిసెంబర్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక జీరో టికెట్టుతో దిగేవాళ్ళు ఇంకా పెరిగారు. కానీ దిగిన వాళ్ళంతా పనిమీద వచ్చినట్టే కనబడాలి. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి గురించి రాసిన 'వై లాయిటర్' (2011) చెప్పేది ఇదే. వీధిలోకి వచ్చిన స్త్రీ ఏదో ఒక పని ఉన్నట్టు చూపించుకుంటేనే మర్యాదస్తురాలు. కోఠీలో మన చేతుల్లోని సంచులు మన తరఫున ఆ సాక్ష్యం చెప్తుంటాయి.

గోకుల్ చాట్ దగ్గర మొదలుపెడతాను, అందరూ అక్కడే మొదలుపెడతారు కాబట్టి. దహీ పూరీ, రగడా, కట్ మిర్చీ, కుల్ఫీ. రుచికి నేను కొత్తగా ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఏమీ లేదు. నాకు నచ్చేది అక్కడి తినే పద్ధతి. ప్లేటు అందుకుని, జనంలో నిలబడి, పెరుగు మోచేతికి కారుతుంటే నోరు పెద్దగా తెరుచుకుని తినాలి. మన పెంపకంలో ఆడపిల్లకి నేర్పే తిండి మర్యాదలన్నీ అక్కడ ఒక్క ముద్దతో కొట్టుకుపోతాయి. క్లాసు ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు ఒకే ప్లేటులో నాలుగు చేతులు పెట్టి తినడం చూశాను. ఎంగిలి పట్టింపులు, వాటి వెనకాల ఉండే కులం పట్టింపులు కూడా ఆ ప్లేటులో కాసేపు మునిగిపోతాయి (శాశ్వతంగా పోతాయని నేననను). 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి 42 మంది చనిపోయారు. ఆ తర్వాత చాలా ఇళ్ళల్లో ఆడపిల్లల మీద ఆంక్షలు పెరిగాయి. కోఠీ ఎందుకు, చాట్ ఎందుకు, ఇంటికి రాలేవా అని. అంగడి మళ్ళీ తెరుచుకుంది. పిల్లలూ మళ్ళీ వచ్చారు. ఆ రావడం గురించి ఎవరూ రాయలేదేమో అనిపిస్తుంది నాకు.

అయితే గోకుల్ నిలబడి తినే చోటు. నిలబడి తినే చోట ఆడవాళ్ళని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, పది నిమిషాల్లో వెళ్ళిపోతారు కదా. గొడవంతా కూర్చోవడం దగ్గర మొదలవుతుంది.

ఇరానీ హోటల్ సంగతే తీసుకోండి. విడిగా మరిగించిన డికాక్షన్, చిక్కటి పాలు, పాలరాతి బల్ల, ఉస్మానియా బిస్కట్. మన కవుల, కథకుల, జర్నలిస్టుల, విప్లవకారుల జ్ఞాపకాల్లో ఇరానీ హోటల్ రాని పేజీ ఉండదు. ఆబిడ్స్‌లో ఒకప్పుడు ఓరియెంట్ హోటల్ ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి వాళ్ళు కూర్చున్న బల్లలు అవి. ఒక్క చాయ్ మీద గంటలు గంటలు కూర్చుని ప్రపంచాన్ని మార్చే మాటలు మాట్లాడుకున్నామని ఆ తరం వాళ్ళు రాసుకుంటారు. చదవడానికి బావుంటుంది. కానీ చదువుతున్నంతసేపూ నాకొకటే ప్రశ్న. అదే ఊళ్ళో అదే కాలంలో రాస్తున్న ఆడవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? వాళ్ళ సాహిత్య చర్చలు ఎవరింటి వరండాలో జరిగాయి, మధ్యలో ఎన్నిసార్లు లేచి చాయ్ పెట్టి తెచ్చారు? ఆ చాయ్ వాళ్ళకీ ఎవరైనా తెచ్చిచ్చి ఉంటే మన సాహిత్య చరిత్రలో ఇంకొన్ని పేజీలు ఉండేవేమో.

చాలా హోటళ్ళలో ఇప్పటికీ 'ఫ్యామిలీ సెక్షన్' అని ఒక బోర్డుంటుంది. కింద హాలు మగవాళ్ళది, అని ఎక్కడా రాసి ఉండదు. ఒకసారి ఇదే దారిలో ఒక హోటల్లో (పేరెందుకు) కింద ఖాళీ బల్ల చూసుకుని కూర్చోబోతే సర్వర్ అబ్బాయి మర్యాదగానే, "మేడమ్, ఫ్యామిలీ ఊపర్" అన్నాడు. నేనొక్కదాన్నే వచ్చానని చెప్పాను. "హాఁ మేడమ్, ఫ్యామిలీ ఊపర్" అన్నాడు మళ్ళీ. ఆడది ఒక్కతే ఉన్నా ఫ్యామిలీయే, మగాళ్ళు పదిమంది ఉన్నా జనరలే! మెట్లెక్కి వెళ్తే కర్టెన్లు కట్టిన క్యాబిన్లు, తిరగని ఫ్యాను, చల్లారిన చాయ్. ఆ కర్టెన్లని నేను పూర్తిగా తీసిపారేయను. బురఖా తీసి పక్కన పెట్టి హాయిగా బిర్యానీ తింటున్న అత్తాకోడళ్ళని అక్కడే చూశాను. చంటిపిల్లకి పాలిచ్చుకునే తల్లికి అదే దిక్కు. కానీ అది మన ఎంపిక అయినప్పుడు ఒకటి, మనల్ని పంపించే చోటు అయినప్పుడు ఇంకొకటి. బల్ల మీద పుస్తకం తెరుచుకుని రెండో చాయ్ చెప్పే ఆడమనిషికి కిందా పైనా కూడా చోటు లేదు.

తినేవాళ్ళ సంగతి ఇలా ఉంటే, అమ్మేవాళ్ళ సంగతి మన సాహిత్యంలో ఇంకో రకంగా ఉంది. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ గుర్తుందా? విజయనగరంలో నలుగురికీ డబ్బులకి అన్నం పెట్టి బతికే వితంతువు. గిరీశం ఆమె సామాన్ల కోసమిచ్చిన ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి మధురవాణికి ఖర్చుపెడతాడు. ఆమె చీపురు పట్టుకుని వస్తే మనం నవ్వుతాం. ఆ నాటకంలో ఆమెకి సొంత పేరు కూడా లేదు. గురజాడ కాలంలోనే గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ దారినపోయే వాళ్ళకి ఉచితంగా అన్నం పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. పెట్టాల్సిందే. ఊరికే పెట్టిన చెయ్యి దేవత చెయ్యి. అదే చెయ్యి లెక్క చూసుకుని డబ్బులడిగితే హాస్యపాత్ర. ఈ తేడా కోఠీలో ఇప్పటికీ నడుస్తోంది. పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర ఇంకో స్పూను చట్నీ వెయ్యననే ఆవిడని, "ఏమ్మా, మీ ఇంట్లో ఇట్లనే పెడ్తవా?" అని అడిగే మగవాళ్ళని విన్నాను. హోటల్ యజమానిని ఎవరూ ఆ మాట అడగరు.

ఆ బండి ఆవిడ మూడింటికి లేస్తుంది. పిండి రుబ్బడం, చట్నీ, సాంబారు, బండి తోయడం, పదకొండయ్యేదాకా నిలబడటం. "నువ్వెప్పుడు తింటవక్కా?" అంటే, "గిన్నెలు కడిగినంక. అప్పటికి ఆకలి సచ్చిపోతది" అంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. టౌన్ వెండింగ్ కమిటీల్లో కనీసం నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి అని అందులో రాసుంది. ఆ సంగతి చెప్తే ఆమె నవ్వి, "గీడ నిల్సోనిస్తే సాలు, కమిటీల ఎవలు కూసోనిస్తరమ్మా" అంది. కూర్చోవడం అనే మాట నేను కాదు, ఆమే వాడింది.

బట్టల దుకాణాల్లో సేల్స్ గర్ల్స్‌గా పనిచేసే పిల్లలు ఇదే వీధిలో పొద్దున్నించీ రాత్రిదాకా ఉంటారు. వాళ్ళు ఎక్కడ తింటారో ఏ ఫుడ్ గైడూ చెప్పదు. టిఫిన్ డబ్బా తెచ్చుకుని స్టాకు గదిలో, మెట్ల మీద, వంతులవారీగా తింటారు. కేరళలో కోజికోడ్ మిఠాయి తెరువు (చూశారా, అదీ తిండి పేరున్న బజారే) దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు మూత్రశాలల కోసం మొదలుపెట్టిన పోరాటం 'కూర్చునే హక్కు' దాకా వెళ్ళింది. పి. విజి, పెంకూట్టు సంఘం ఏళ్ళ తరబడి పట్టుబడితే 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. చీర చూపించే అమ్మాయికి స్టూలు కోసం చట్టం చెయ్యాల్సి వచ్చిన దేశంలో, చీర కొనడానికి వచ్చినావిడ ఒంటరిగా హోటల్లో కూర్చోవడం కష్టం కావడంలో వింతేముంది? రెండూ ఒకే తాడు రెండు కొసలు.

ఇక కర్రీ పాయింట్లు. గల్లీకొకటి వచ్చాయి, సాయంత్రం ఏడింటికి క్యూ ఉంటుంది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి రెండు కూరల చాకిరీ తప్పించిన మాట నిజం, నేనూ రోజూ కృతజ్ఞతగా కొంటాను. వెనక వంటగదిలో చెమటలు కక్కుతూ వండేది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. విమల 'వంటిల్లు' కవిత మన తరానికి నేర్పిన చూపుతో కర్రీ పాయింటు వెనక తలుపు నుంచి లోపలికి చూడాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. ఇంకో సంగతి, అది పార్సిల్ తిండి. పాలిథీన్ కవర్లో ముడేసి ఇంటికే తెచ్చుకోవాలి. ఫోనులో నొక్కితే ఇంటికొచ్చే తిండీ అంతే. వంట తప్పింది గానీ గడప దాటలేదు.

స్త్రీవాద సాహిత్యంలో వండే స్త్రీ మీద, వడ్డించే స్త్రీ మీద, అందరూ తిన్నాక మిగిలింది తినే స్త్రీ మీద మనం బాగా రాశాం. ఏం వండుకోగలం, ఏది తింటే ఎవరు ముక్కు మూసుకుంటారు అనేది దళిత స్త్రీలు ముందుకు తెచ్చారు. శర్మిలా రేగే తన విద్యార్థులతో కలిసి చేసిన 'ఈజ్ంట్ దిస్ ప్లేట్ ఇండియన్?' (2009) ఆ దారిలో ముఖ్యమైన పుస్తకం. నేను చదివినంతలో, పదిమందిలో ఒక్కతే కూర్చుని, తనకిష్టమైంది చెప్పుకుని, ఇంకెవరో వడ్డిస్తే తిని, బిల్లు కట్టి లేచిన స్త్రీ మాత్రం కథల్లో బాగా తక్కువ. వస్తే ఎవరికోసమో ఎదురుచూస్తూ వస్తుంది. ఆమె ముందు కాఫీ చల్లారిపోతుంది. తాగెయ్యమ్మా అనాలనిపిస్తుంది నాకు!

సరే, ఎక్కడ తినాలి? ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వెళ్ళండి. ఇడ్లీ, సాంబారు, ఫిల్టర్ కాఫీ. భోజనాల రద్దీ తగ్గి, సాయంత్రం టిఫిన్ల రద్దీ మొదలవని ఆ గంటలో మిమ్మల్ని లేపే తొందర ఎవరికీ ఉండదు. శాకాహార హోటళ్ళు ఆడవాళ్ళకి 'క్షేమం' అనే నమ్మకంలో ఎంత కులం ఉందో మనకి తెలియంది కాదు. అది తెలిసీ, కూర్చోనిస్తారు కాబట్టి వెళ్తున్నాను.

నాకు బాగా ఇష్టమైన చోటు మాత్రం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి మార్కెట్, 2020లో మళ్ళీ బాగుచేశారు. అందులో ఫేమస్ ఐస్‌క్రీం. పైన ఆకాశం, కింద కుర్చీలు. ఫ్యామిలీ సెక్షనూ లేదు, జనరల్ సెక్షనూ లేదు, కర్టెనూ లేదు. హలీం తిని వచ్చిన కుటుంబాలు, ట్యూషను వదిలిన పిల్లలు, ఆస్పత్రి డ్యూటీ దిగిన నర్సులు, గాజులు కొన్న పెళ్ళివాళ్ళు, అందరూ ఒకే వాకిట్లో. ఒంటరిగా కప్పు పట్టుకుని కూర్చున్న అరవయ్యేళ్ళావిడని ఎవరూ రెండోసారి చూడరు. నేను పరీక్ష చేసే చెప్తున్నాను, ముప్పావుగంట కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు. మామిడిపండు ఐస్‌క్రీం వేసవిలోనే బావుంటుంది. సీతాఫలానిది కావాలంటే వర్షాలు వెనకబట్టాక, దసరా దీపావళి రోజుల్లో వెళ్ళండి.