హృదయం ఒట్టి పంపేనా?

హృదయాన్ని నీరు తోడే పంపుతో పోల్చి పాఠం చెప్పడం పరిపాటి. శ్రీ సిటీ చుట్టుపట్ల సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతాల విద్యార్థులకు బోరు మోటారు చిరపరిచితం గనుక ఈ ఉపమానం సులభంగా బోధపడుతుంది. కాని సులభంగా బోధపడినదంతా సమగ్రం కాదు. మోటారు బలహీనపడితే పొలానికి నీరు తగ్గుతుంది, అంతే. పైపులు తమంతట తాము బిగుసుకొని మోటారుపై అదనపు భారం మోపవు. శరీరంలో మాత్రం సరిగ్గా ఇదే జరుగుతున్నది.

హృదయ వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు; గుండెపోటూ కాదు. శరీరానికి చాలినంత రక్తాన్ని గుండె పంపలేని స్థితి అది. రక్తప్రసారం తగ్గగానే మూత్రపిండాలు, గాయం తగిలి రక్తం పోయినప్పుడు ఎలా స్పందిస్తాయో అలాగే స్పందిస్తాయి. తత్ఫలితంగా ఆంజియోటెన్సిన్-2 అనే పెప్టైడు తయారవుతుంది. పెప్టైడు అంటే ఆమినో ఆమ్లాల చిన్న గొలుసు. దీనిలో ఉన్నవి 8 మాత్రమే. ఇది రక్తనాళాలను బిగించి, ఉప్పును, నీటిని ఒంట్లో నిలుపుతుంది. గాయపడిన వానికి ఇది ప్రాణరక్షణ. అలసిన గుండెకు ఇదే శత్రువు. కాళ్ళ వాపు, ఆయాసం ఇందువల్ల పెరుగుతాయి.

ఈ సందేశానికి ఎదురు సందేశం పంపేది గుండే. 1981లో కెనడాలో డి బోల్డ్, ఆయన సహచరులు ఎలుక గుండె కర్ణికల సారాన్ని ఇతర ఎలుకలకు ఎక్కించగా, మూత్రం, దానితోపాటు ఉప్పు ఎంతో ఎక్కువగా వెలువడినవి. గుండె కండరమే గాక గ్రంథి కూడా అని అప్పుడు తేలింది. పంపు ఉపమానంలో ఈ సంగతికి చోటు లేదు.

ఇక రెండవ పొరపాటు పాఠాలది కాదు, పరిశోధకులది. చెరుపు చేసే పెప్టైడును అడ్డగిస్తే రోగం తగ్గవలెనన్న తర్కం ఒకసారి ఫలించింది. 1987లో ప్రకటితమైన ఒక పరీక్షలో తీవ్ర రోగులు 253 మంది పాల్గొన్నారు. ఆంజియోటెన్సిన్-2 తయారీని తగ్గించే ఎనాలప్రిల్ వాడని వారిలో ఆరు నెలల్లో నూటికి 44 మంది మరణించగా, వాడిన వారిలో 26 మంది మరణించారు.

మరుసటి ఏడాదే జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో యనగిసావా బృందం, పంది బృహద్ధమని లోపొర కణాలనుండి ఎండోథెలిన్ అనే 21 ఆమినో ఆమ్లాల పెప్టైడును వేరుచేసింది. రక్తనాళాలను బిగించడంలో దీనికి సాటివచ్చేవి అరుదు. ఇజ్రాయిల్ ప్రాంతపు ఒక పాము విషంలోని పదార్థానికి, దీనికి పోలిక ఉండడం విచిత్రం! హృదయ వైఫల్య రోగుల రక్తంలో ఇది హెచ్చుగా ఉంటుంది. దీనిని అడ్డగించగా ఎలుకలు ఎక్కువ కాలం బ్రతికినవి. మనుషుల విషయంలో ఆశ వమ్మయింది. బొసెంటాన్ అనే మందు వాడినా మేలు కనబడలేదు సరికదా, ఒంట్లో నీరు చేరింది. అదే మందు ఊపిరితిత్తుల ధమనుల అధిక పీడనానికి పనికివచ్చింది. తర్కం చక్కగా ఉన్నంతమాత్రాన మందు పనిచేయదు.

తరువాతి ఆలోచన వేరు: చెడు సందేశాన్ని ఆపడంతోపాటు మంచి సందేశాన్ని నిలబెట్టడం. గుండె పంపే పెప్టైడులను నెప్రిలైసిన్ అనే ఎంజైము ఖండిస్తుంది. సాకుబిట్రిల్ ఆ ఎంజైమును ఆపుతుంది. ఐతే అదే ఎంజైము ఆంజియోటెన్సిన్-2ను కూడా ఖండిస్తుంది గనుక, దాని పనిని అడ్డుకొనే వల్సార్టాన్‌ను జతచేయక తప్పలేదు. 2014లో వెలువడిన పరీక్షలో ఈ జంట మందు వాడినవారిలో నూటికి 21.8 మంది, ఎనాలప్రిల్ వాడినవారిలో 26.5 మంది హృద్రోగంతో మరణించడమో, హృదయ వైఫల్యంతో ఆస్పత్రి పాలు కావడమో జరిగింది. మేలే. కాని పరీక్షకు ముందు మందులను రుచిచూపే దశలో చేరినవారు 10,521 మంది. తరువాత నిలిచినవారు 8,442 మంది. మందు పడనివారు పలువురు ముందే తప్పుకున్నారు. రక్తపుపోటు తక్కువగా ఉన్న సామాన్య రోగికి ఈ అంకెలను యథాతథంగా అన్వయించడం తొందరపాటు.

ధర మరొక అడ్డంకి. భారతదేశంలో ఈ మందుపై మూల పేటెంటు 2023 జనవరిలో ముగిసిన పిమ్మట పలు సంస్థలు దీనిని తయారుచేయసాగినవి. హైదరాబాదుకు చెందిన ఎం.ఎస్.ఎన్. లేబొరేటరీస్ 2025 జూలైలో అమెరికాలో సైతం విడుదల చేసింది. ధర దిగినా ఈ మందు జీవితాంతం, పూటపూటా వాడవలసినది. తిరుపతి ఆస్పత్రికి బస్సులో వచ్చిపోయే రోగికి నెలనెలా అయ్యే ఖర్చు ఆ దిగిన ధరతోనే తెలియదు.