పాత క్రాంకు పక్కన కొత్త క్రాంకు

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ ఇంజిన్ దింపి విప్పాక యజమానికి ఎదురయ్యే బరువైన ప్రశ్న క్రాంక్‌షాఫ్ట్‌ది. ఉన్నదాన్నే గ్రైండింగ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేయించాలా, కొత్తది కొనాలా? ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తదంటే ఏదో షాపులో మిగిలిపోయిన పాత స్టాకో, బయటివాళ్లు చేసిన మారు సరుకో అయివుంటుంది. అయినా చాలామంది మనసు కొత్తదాని వైపే లాగుతుంది. పగుళ్లు లేని పాత క్రాంకు చేతిలో ఉన్నప్పుడు దాన్నే నిలబెట్టుకోవాలని నా వాదన.

ముందు ఈ ఇంజిన్ స్వభావం చూడాలి. ఇది బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ రూపొందించిన బీ-సిరీస్ కుటుంబంలోది. సిలిండర్లు నాలుగు, మెయిన్ బేరింగులు మూడే. ఒక మెయిన్‌కూ ఇంకో మెయిన్‌కూ నడుమ రెండేసి కనెక్టింగ్ రాడ్ల బిగ్ ఎండ్లు వేలాడుతుంటాయి. ఆసరా తక్కువ కాబట్టి సిలిండర్‌లో మంట రేగినప్పుడల్లా షాఫ్ట్ రవ్వంత వంగి లేస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన ఎంజీబీ కారు ఇంజిన్‌కు 1964లో ఐదు మెయిన్లు పెట్టారు. మన మూడు మెయిన్ల ఇంజిన్‌లో మాత్రం ఏ క్రాంకునైనా తూచాల్సింది ఆ వంగుడును ఎన్నాళ్లు ఓర్చుకుంటుందన్న లెక్కతోనే.

సైజు విషయంలో కొత్తదానిదే పైచేయి. అది స్టాండర్డ్‌లో వస్తుంది, మునుముందు గ్రైండింగులకు చోటుంటుంది. పాతది ఒక్కో విడతకు 10 థౌ చొప్పున 40 దాకా దిగొచ్చు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ‘ఇరవై కొట్టిస్తే సన్నబడి విరిగిపోతుంది’ అనే భయం మాత్రం లెక్కకు నిలవదు. వంగుడును తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 2 అంగుళాల మెయిన్ జర్నల్‌ను, అంటే బేరింగులో తిరిగే గుండ్రని భాగాన్ని, 20 థౌ తగ్గిస్తే పోయే బలం దాదాపు 3 శాతం, 40 తగ్గించినా 6 శాతం.

అసలు ప్రమాదం ఫిల్లెట్ దగ్గర ఉంది. జర్నల్ వచ్చి పక్క చెంపను కలిసే మూలలో ఉండే సన్నని గుండ్రని వంపు అది. గుడ్డ అంచున చిన్న కత్తిరింపు పెడితే చిరుగు అక్కడే మొదలైనట్టు, ఆ మూల పదునుగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. గ్రైండింగ్ రాయి అంచును గుండ్రంగా దిద్దుకోకుండా పని కానిస్తే, సైజు అచ్చంగా కుదిరినా షాఫ్ట్ చెడినట్టే. వంపు మరీ పెద్దదైతే బేరింగ్ అంచు దాని మీదికెక్కి రాసుకుంటుంది. ఈ పరీక్షలో పాతకు మినహాయింపు లేదు, కొత్తకూ లేదు. రెండింటినీ దీపం కింద పెట్టి రేడియస్ గేజ్ ఆనించి చూడాల్సిందే.

రెండో తూకం వెనక కొసన ఉంది. ఈ ఇంజిన్‌లో అక్కడ రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద స్క్రూ చుట్టులా చెక్కిన స్క్రోల్, ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. గ్రైండింగ్‌లో కేంద్రం తప్పితే స్క్రోల్ ఒక పక్క రాసుకుంటుంది, ఇంకో పక్క ఆయిల్ కారుతుంది. వీ బ్లాకుల మీద పెట్టి, నడిమి మెయిన్‌కూ స్క్రోల్‌కూ డయల్ గేజ్ ఆనించి తిప్పితే బండారం బయటపడుతుంది. స్క్రోల్ అరిగిపోయినచోట కొత్తది నెగ్గుతుంది.

లోహం సంగతికొస్తే, బీ-సిరీస్ అసలు క్రాంకు ఫోర్జింగ్ ఉక్కు. మారు సరుకు పోతపోసినదైతే చెంపల మీద అచ్చు కలిసిన గీత సన్నగా ఉంటుంది, ఫోర్జింగ్ అయితే వెడల్పు పట్టీలా కనిపిస్తుంది. పోత క్రాంకులన్నీ చెడ్డవి కావు. కానీ ఫోర్జింగ్‌కని గీసిన కొలతల్లో పోత పోస్తే తేడా వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట పాత సామాన్లలో దొరికేదానికీ గ్రైండింగ్ తప్పదు, పైగా అది ఏ ఇంజిన్‌లో ఎలా తిరిగిందో చెప్పేవారుండరు.

అందుకే నా తీర్పు ఇది. ముందు మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్. పగులు కనిపించినా, 40 దాటినా, స్క్రోల్ పోయినా కొత్తది వెతకండి. ఇవేవీ లేకపోతే అండర్‌సైజు బేరింగులు చేతికొచ్చాకే, వాటికి తగ్గట్టు పాతదాన్ని గ్రైండింగ్‌కు ఇవ్వండి. మిగిలిన డబ్బుతో ఆయిల్ పంపు మార్పించండి, బ్లాకులోని ఆయిల్ దారులన్నీ కడిగించండి. మొదటి క్రాంకును తిన్న కారణం అక్కడే మిగిలిపోతే రెండోది ఎంత కొత్తదైనా దానికీ అదే గతి.