కార్చిచ్చు కంటే ముందే పెట్టే మంట

అమెరికాలోని ఫ్లోరిడా, జార్జియా పైన్ అడవుల్లో చలికాలం పొగ లేచిందంటే చాలాసార్లు అది మనుషులు కావాలని పెట్టిన మంటే. ఆదివాసులు ఎప్పటినుంచో చేసిన పని ఇది. తర్వాత వచ్చిన పశువుల కాపరులూ లేత గడ్డి కోసం దాన్ని వదల్లేదు. 1920ల చివర్లో అటవీ ప్రచారకులు లారీల్లో సినిమా ప్రొజెక్టర్లు పెట్టుకుని ఊరూరా తిరిగి, అడవి కాల్చడం అజ్ఞానమని బోధించారు. కౌజు పిట్టల మీద పరిశోధన చేసిన హెర్బర్ట్ స్టొడార్డ్ 1931 నాటి తన పుస్తకంలో దీనికి ఎదురు చెప్పాడు. చివరికి ఆయన మాటే నిలిచింది.

కార్చిచ్చు విషయానికొస్తే, ఈ అడవుల్లో అసలు ప్రమాదం చెట్టుది కాదు, చెట్టు కింద పేరుకున్న దానిది. రాలిన పైన్ సూదులు, ఎండుగడ్డి, పచ్చిగా ఉన్నా భగ్గుమనే సా పాల్మెట్టో పొదలు. పొద ఎదిగేకొద్దీ పైనుంచి రాలిన ఎండు సూదులు దాని మీదే వేలాడతాయి. నిప్పు కొమ్మల దాకా ఎక్కడానికి అదే నిచ్చెన. మంట తీవ్రత కాలే తుక్కు బరువును బట్టి, మంట పరుగును బట్టి ఉంటుందని 1959లో జార్జ్ బైరమ్ లెక్కగట్టాడు. గాలినీ ఎండనూ మనం మార్చలేం, తుక్కును తగ్గించగలం. తుక్కు తగ్గిన చోటికి వచ్చిన కార్చిచ్చు ఆరిపోతుందని కాదు. నేల మీదికి దిగుతుంది, మనుషులు దగ్గరికి వెళ్లగలిగేంత పొట్టిదవుతుంది.

పనితనమంతా ముట్టించే తీరులో ఉంది. వాన పడి ఒకటి రెండు రోజులయ్యాక, పైపొర ఆరి, మట్టినంటిన పొర ఇంకా తడిగా ఉన్నప్పుడు మొదలుపెడతారు. ముందు గాలి పోయే వైపు అంచున డ్రిప్ టార్చ్‌తో, అంటే మండే ఇంధనాన్ని చుక్కలుగా రాల్చే డబ్బాతో, ముట్టిస్తారు. ఆ మంట ఎదురుగాలిలో గంటకు 20 నుంచి 60 మీటర్లు పాకుతుంది. చూసేవాళ్లకు విసుగే. నల్లని పట్టీ తగినంత వెడల్పయ్యాకే, దానికి కాస్త ఇవతల చిన్న చిన్న వరసలుగా గాలివాటు మంటలు పెడతారు. అవి బలం పుంజుకునేలోపే కాలిన నేలను తాకి చల్లారతాయి. లాంగ్‌లీఫ్ పైన్ మొక్క ఈ మంటను తట్టుకునేలా పుట్టింది. మొదటి కొన్నేళ్లు గడ్డి దుబ్బులా నేలనంటి, మొగ్గను పొడవాటి సూదుల మధ్య దాచుకుంటుంది.

1998 వేసవి కార్చిచ్చుల తర్వాత ఫ్లోరిడాలోని ఒసియోలా జాతీయ అటవీ ప్రాంతంలో చూస్తే, అంతకు కొద్దికాలం ముందే కాల్చిన చోట్ల చెట్లు తక్కువ చచ్చాయి. అయితే ఈ రక్షణ ఎక్కువ కాలం ఉండదు. పాల్మెట్టో వారాల్లోనే మళ్లీ చిగురిస్తుంది, సూదులు ఏటా రాలుతూనే ఉంటాయి. అందుకే రెండు మూడేళ్లకోసారి మళ్లీ కాల్చాలి. ఒక్కసారి కాల్చి చేతులు దులుపుకుంటే డబ్బు దండగ అనే నా ఉద్దేశం.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద చిక్కు పొగ. 2008 జనవరిలో ఫ్లోరిడాలో కావాలని పెట్టి అదుపు తప్పిన ఒక మంట పొగ, మంచుతో కలిసి హైవేని కమ్మేసింది. డెబ్బై దాకా వాహనాలు ఢీకొని ప్రాణాలు పోయాయి. అక్కడ బర్న్ ప్లాన్ (కాల్చే ముందు వేసుకునే ప్రణాళిక) రాసేవాళ్లు మంట ఎటు పోతుందనే దానితో పాటు, రాత్రికి పొగ ఏ పల్లంలో దిగుతుంది, ఆ పల్లంలో రోడ్డుందా అనేది కూడా ముందే చూసుకోవాలి.