ఆయిలర్ వదిలేసిన భాగహారాలు

31 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే 2,14,74,83,647 మిగులుతుంది. ఇది ప్రధాన సంఖ్య. ఈ రూపంలోని ప్రధాన సంఖ్యలను ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సేన్ పేరుతో పిలుస్తారు. వాటిలో ఇది ఎనిమిదోది. ఇలాంటి సంఖ్య ప్రధానం కావాలంటే ముందు ఘాతం, అంటే ఎన్ని రెండ్లను గుణించామో ఆ సంఖ్య, ప్రధానం కావాలి, అదొక్కటే చాలదు. ఘాతం 11 అయితే 2047 వస్తుంది, అది 23, 89ల లబ్ధం. ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాలంటూ 1644లో మెర్సేన్ ఇచ్చిన జాబితాలో 31 ఉంది, నిజమే. కానీ 67, 257 కూడా ఉన్నాయి, అవి తప్పని తరవాత తేలింది.

31 సంగతి తేల్చినవాడు గణితవేత్త ఆయిలర్. కంటిచూపు దాదాపు పోయిన వయసులో, 1772లో ఒక ఉత్తరంలో ఆ మాట చెప్పాడు. మొరటు పద్ధతిలో అయితే వర్గమూలం దాకా, అంటే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేల ఏడు వందలకు పైనే. ఆయిలర్ నేర్పంతా దేనితో భాగించనక్కర్లేదో పసిగట్టడంలో ఉంది. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవే మిగులుతాయి. హద్దు లోపల అలాంటివి 373. వాటిలోనూ ప్రధానం కానివాటిని వదిలేయవచ్చు: 63 పోయింది, 249 అంటే 3 × 83, అదీ పోయింది. మొదట నిజంగా భాగించాల్సింది 311తో. శేషం 35. ఆ తరవాత 497, 559, 745 లాంటివన్నీ రాలిపోయి, ఏకంగా 1303 దగ్గర మళ్లీ పని తగులుతుంది. ఒక మనిషి కూర్చుని ముగించగలిగిన లెక్క ఇది.

ఈ ప్రధాన సంఖ్యను 2 యొక్క 30వ ఘాతంతో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. తనను మినహాయించి దాని భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే. ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోబోరని, ఇవి వింతలే తప్ప పనికొచ్చేవి కావని ఇంగ్లండులో గణితవేత్త పీటర్ బార్లో 1811లో రాశాడు. తొందరపడ్డాడు.

కంప్యూటరులో గుర్తుతో సహా 32 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం కూడా మన 2,14,74,83,647 సంఖ్యే. 1970 నుంచి సెకన్లను అలా లెక్కపెట్టే పాత వ్యవస్థలు 2038 జనవరి 19న, మన కాలమానంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్యను చేరి, మరు సెకనులో 1901లోకి జారిపోతాయి. అక్కడ దీని ప్రధానత్వానికి పనేమీ లేదు. యాదృచ్ఛిక సంఖ్యల తయారీలో మాత్రం ఉంది. సున్నా కాకుండా, ఈ సంఖ్యకన్నా చిన్నదైన ఏదో ఒక విలువతో మొదలుపెట్టి, ప్రతిసారీ 16,807తో గుణించి, ఈ సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటూ పోతే, 1 నుంచి 2,14,74,83,646 దాకా ప్రతి విలువా ఒక్కసారి వచ్చాకే వరస తిరిగి మొదలవుతుంది. భాగించేది ప్రధానం కాకపోతే సున్నా తప్ప మిగతా శేషాలన్నీ ఇలా ఒకే చుట్టులో రావు.