ఊరు ఖాళీ చేసిన బడి

బోయి భీమన్న 'పాలేరు' నాటకం గురించి మన విమర్శకులు ఎప్పుడూ ఒకటే మాట చెప్తారు. పాలేరు కుర్రాడు చదువుకొని అధికారి అయ్యాడు, చదువు మనల్ని పైకి లేపింది అని. కాదనను. ఆ నాటకం చూసి, జీతానికి పెట్టిన కొడుకుల్ని మాన్పించి బడికి పంపిన తండ్రులున్నారని మా పెద్దోళ్లు చెప్పేవారు. కానీ అట్లా చదివితే బడి వొట్టి నిచ్చెనే అవుతుంది. ఒకడు ఎక్కిపోతాడు, వాడ వాడగానే ఉంటుంది. మరి ఆ కుర్రాడి పక్కన కూర్చున్న రైతు కొడుకు ఏం నేర్చుకున్నాడు? మన విమర్శ అడగాల్సింది ఇది. చుండూరులో 1991లో గొడవ మొదలైంది సినిమాహాల్లో ఓ దళిత యువకుడి కాలు తగిలిన దగ్గర. ఆ యువకుడు చదువుకున్నవాడే.

అంబేద్కర్ చిన్నప్పుడు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. ప్యూను పోస్తేనే నీళ్లు, ప్యూను లేని రోజు దాహమే. ఆయనే 1936లో 'కులనిర్మూలన'లో ప్రజాస్వామ్యాన్ని సర్కారు నడిపే పద్ధతిగా మాత్రమే గాక, మనుషులు కలిసి బతికే తీరుగా చూశాడు. కలిసి బతకడం ఎక్కడ నేర్వాలి? మా ఊళ్లో బావి వేరు, టీకొట్లో గ్లాసు వేరు, శ్మశానం వేరు. గుడి సంగతి సరేసరి. ఊరూ వాడా రోజూ ఒక కప్పు కిందకి వచ్చే చోటు సర్కారు బడి ఒక్కటే.

అక్కడేదో సమానత్వం ఉందని కాదు. మా అయ్యోరు మా పలకలు ముట్టేవాడు కాదు, బెత్తంతో నెట్టేవాడు. కుండలో నీళ్లు మాకు దోసిట్లోనే పోసేవాళ్లు. ఓ రోజు మా అమ్మ కలుపు తీసే చేలో నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. "అయ్యోరూ, ఇదేమన్నా మీ ఇంటి అరుగా? సర్కారు బడి గదా. నా బిడ్డకీ గలాసు ఇప్పించండి" అంది. గ్లాసు రావడానికి చాన్నాళ్లు పట్టిందనుకోండి. కానీ ఆ మాట ఆమె ఆసామి వాకిట్లో అనగలిగేది కాదు. అది అందరి బడి అని పేరుకైనా ఉండబట్టే అనగలిగింది. మా వాడలో హక్కుల భాష పుట్టింది ఆ గుమ్మంలోనే, ఏ సభలోనూ కాదు.

రాజ్యాంగం 45వ అధికరణం 1950 నుంచి పదేళ్లలో 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలంది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చేసరికి 2010 అయింది. మా పిల్లలు బడి నిండేసరికి ఊరు బడిని ఖాళీ చేసింది. 2001లో సుప్రీంకోర్టు బళ్లలో వండిన అన్నం పెట్టమంది. 2004లో ఆ వంట పనిలో దళితులకు ప్రాధాన్యమివ్వమంది. మా వదిన వంటకు కుదిరిన వారంలోనే ఊరి పిల్లలు కొందరు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. మరుసటేడు టీసీలు తీసుకున్నారు. ఇంగ్లీషు మీడియం కోసమన్నారు. కొందరి విషయంలో అది నిజమే కావొచ్చు. అప్పో సప్పో చేసి మావాళ్లూ కొందరు కాన్వెంటుకి పంపుతున్నారు, వాళ్లని ఏమనగలను?

సర్కారు బడి చచ్చిపోతోందని కన్నీళ్లు పెట్టే మేధావులు నిధుల లెక్క చెప్తారు, గోడల బీటలు చూపిస్తారు. బల్ల మీద నుంచి ఎవరు లేచిపోయారో, ఎవరొచ్చి కూర్చున్నాక లేచారో మాత్రం రాయరు. వాళ్లు పౌరసమాజం అని పిలిచే మనుషుల పిల్లలు మా పిల్లలతో ఒక పూట అన్నం తిన్నదెప్పుడు?

చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. మా బడి కమిటీలో ఇప్పుడు తల్లిదండ్రులంతా మా వాడవాళ్లే. మొన్న మరుగుదొడ్డికి నీళ్ల సంగతి వచ్చింది. "ఊరోళ్ల పిల్లలు నలుగురుంటే ఈపాటికి మోటారు దిగేది" అంది మా వదిన. అందరూ నవ్వారు. తర్వాత ఎనిమిదిమంది ఆడవాళ్లు పంచాయతీకి అర్జీ రాయించి సంతకాలు పెట్టారు. ఇద్దరివి వేలిముద్రలు.