ఆముక్తమాల్యద రాజనీతి – కొండవీటి వ్యవస్థ

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు రాజ్యమును కుమారునకు అప్పగించుచు చేసిన రాజనీత్యుపదేశము మన విద్యార్థులకు సుపరిచితము. దానిని బోధించునపుడు కౌటిల్యుని అర్థశాస్త్రమును, కామందకమును ప్రక్కన నుంచుకొని, ఏ పద్యమునకు ఏది మూలమో చూపి విరమించుట వాడుక. మేమును చిరకాలము అట్లే బోధించితిమి. ఆ పద్ధతి తప్పు కాదు, కాని చాలదు. ఆ పద్యములు చెప్పినవాడు పరుల యేలుబడిలోని సీమను గెలిచి, దానిని నిలుపుకొనవలసి వచ్చిన రాజు. కావున ఆ ఘట్టమునకు మూలగ్రంథములను చూపినట్లే, దాని వెనుకనున్న అనుభవమును గూడ చూపవలసియున్నది. ఆ అనుభవమున కొండవీటి విజయము ముఖ్యమైన భాగమని మేము తలంతుము.

నేటి పల్నాడు జిల్లాలోని అచ్చంపేటయందు నిలిచి నలుదెసల చూచినచో ఈ విషయము స్పష్టపడును. నైరృతి దిశను బెల్లంకొండ, దక్షిణమున కొండవీడు, తూర్పున కృష్ణాతీరమందు ధరణికోట, అమరావతి కలవు. 1514లో ఉదయగిరిని గొన్న కృష్ణదేవరాయలు, పిదప అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము మొదలగు దుర్గములను వశపరచుకొని, 1515 ఆషాఢమున కొండవీటిని పట్టెనని శాసనములు చెప్పుచున్నవి. ప్రతాపరుద్ర గజపతి కుమారుడగు వీరభద్రుడును, పలువురు పాత్రసామంతులును ప్రాణములతో చిక్కగా, రాయలు వారికి అభయమిచ్చెనట. అటుపిమ్మట అమరేశ్వరుని సన్నిధిని తులాపురుషదానము చేసెను. గెలుపును చెప్పిన శాసనమే అభయమును, దానమును గూడ చెప్పుట గమనింపదగినది. ఆ సీమ ప్రజలు తమ దేవుని యెదుట క్రొత్త ప్రభువును చూచిరి.

ఇక దుర్గమును ఎవరి చేతిలో నుంచవలెనను ప్రశ్న వచ్చును. నమ్మదగిన బ్రాహ్మణులను దుర్గాధిపతులుగా నిలుపవలెననియు, వారికి దుర్గరక్షణకు చాలినంత బలమునే యొసగవలెననియు యామునాచార్యుని ఉపదేశము. కొండవీట జరిగినదియు ఇదియే. ఆ రాజ్యము మహామంత్రి సాళ్వ తిమ్మరుసు అధీనమయ్యెను. ఆయన మేనల్లుండ్రగు నాదిండ్ల అప్పమంత్రికి వినుకొండ, గుత్తి మున్నగు తావుల అధికారమును, గోపమంత్రికి కొండవీటి పాలనమును లభించినట్లు 1520 నాటి శాసనములవలన తెలియుచున్నది. మాదయగారి మల్లన రాజశేఖరచరిత్రమును అందుకొన్నది ఈ అప్పమంత్రియే. కృష్ణార్జునసంవాదమను ద్విపదకావ్యమును రచించినది ఈ గోపమంత్రియే. వీరిని కృతిభర్తగను, కవిగను మాత్రమే మనము పాఠములలో పేర్కొనుచున్నాము. వీరు గెలిచిన సీమను ఏలుటకు వచ్చిన అధికారులనుట మరచుచున్నాము.

ఓడినవారి విషయమున మరియొక చిక్కు కలదు. వీరభద్రుడు అవమానమునకు తాళలేక ప్రాణము తీసికొనెనని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ వ్రాసెను. కాని 1516 నాటి దావణగెరె ప్రాంతపు శాసనమొకటి అతడు రాయల యనుగ్రహమున కన్నడదేశమున ఒక సీమనేలుచు, పెండ్లిపన్నును మాన్పినట్లు చెప్పుచున్నది. నూనిజ్ కథ ఎంతవరకు సత్యమైనను, శాసనము చూపు నీతి స్పష్టము: శత్రుకుమారుని చంపక, అతని బలగమునకు దూరముగా, మరియొక మూలను అధికారమిచ్చి నిలుపుట. ఇది దయయు, జాగ్రత్తయు గూడ.

దుర్గములను గొనునపుడు చిక్కిన శత్రురాజుల అంతఃపుర స్త్రీలను పుట్టింట నున్నట్లు చూడవలెనను ఉపదేశమును విమర్శకులు రాయల ఔదార్యమునకు తార్కాణముగా ఎత్తిచూపుదురు. కొండపల్లియందు గజపతి రాణి చిక్కి విజయనగరమునకు పంపబడెనని నూనిజే చెప్పుచున్నాడు. ఆ వృత్తాంతమును తలచినపుడు ఆ పద్యమునకు మరియొక అర్థచ్ఛాయ తోచును. ఆ పుట్టిల్లు స్త్రీ తన యిచ్చ చొప్పున విడువగల ఇల్లు కాదు. కవి ఔదార్యమును కాదనక, ఆ స్త్రీ బందీయను మాటను గూడ విద్యార్థికి చెప్పుట మన విధి.

ఎంత గెలువవలెనో ఎంత విడువవలెనో తెలియుటయు ఈ నీతిలోనిదే. కళింగదండయాత్ర సింహాచలము దాటి సాగినను, సంధికాలమున రాయలు గజపతి కూతును పెండ్లాడి, కృష్ణకు ఉత్తరపు భూములను తిరిగి యిచ్చెను. అచ్చంపేట సీమకు సమీపముననే పారు నది హద్దయ్యెను. ఈ యాత్రలోనే కృష్ణాతీరపు శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున కానిపించి కావ్యరచనకు ఆనతిచ్చెనని కవియే అవతారికలో చెప్పెను. కావ్యమునకును, యుద్ధమునకును గల సంబంధమును ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

అట్లని శాస్త్రము ముందో ఆచరణము ముందో తేల్చుటకు పూనుకొనరాదు. కొండవీటి వ్యవస్థ రాయలు ముందే యెరిగిన నీతికి ఫలితమై యుండవచ్చును. ఆ వ్యవస్థయే పిదప పద్యములలో నీతియై యుండవచ్చును. 1942లో అమెరికా సంయుక్తరాష్ట్రములు చార్లొట్స్‌విల్‌లో సైనికపరిపాలనకై పాఠశాల తెరచి, ఇంకను గెలువని దేశములను ఏలుటకు అధికారులను సిద్ధపరచినవి. రాయల యామునాచార్యుడును గెలుపునకు పిమ్మట రాబోవు దినములను గూర్చియే తలపోయును. చెరువులు, కాలువలు కల్పించి పేదకాపునకు పన్ను తగ్గించుమనును. కష్టము వచ్చి వలసపోయిన ప్రజను పిలువక, వారి పసులను, ధాన్యమును అమ్ముకొను అధికారిని రణభూమిలోని నక్కతో పోల్చును. ఈ పోలికను గ్రంథములను మాత్రమే చదివి చెప్పుట కష్టము. దండు నడచిన తరువాతి పల్లెను చూచిన కన్ను ఇందు కలదు.

కాని ఇచటనే మన విమర్శ ఆగరాదు. కొండవీటి శాసనములలో సంతకు వచ్చు ధాన్యము, ఉప్పు మొదలగు సరకులపై దేవునికై యేర్పరచిన సుంకముల పట్టిక కలదు. దానమిచ్చినవాని పేరు కలదు. సుంకము కట్టినవాని పేరు లేదు. రెడ్లు, విజయనగరము, గజపతులు, మరల విజయనగరము – ఇట్లు ఏలినవారు మారుచుండగా, అదే తెలుగు కాపు అదే పొలము దున్నెను. అతనికి ఇది ఎవరి ఓటమి? కావ్యమునందు దీనికి జవాబు లేదు.

జవాబు కొంత ఐతిహ్యమున కలదు. కొండవీటి గోపీనాథస్వామి ఆలయముచెంత కత్తులబావి కథను ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. సీమలోని దొరలను గుడికి విందని పిలిచి, ఒక్కొక్కరినే లోనికి గొనిపోయి, బావిలో కూల్చిరని ఆ కథ. దానిని చరిత్రగా గ్రహింపలేము. రెడ్లరాజ్యము అంతకు దాదాపు నూరేండ్లకు ముందే ముగియగా, కథ రెడ్డిదొరలనే చెప్పుట ఒక్కటియే దానికి చాలిన ఆక్షేపము. ఐనను శాసనము అభయమని చెక్కినచోట జనశ్రుతి వంచన యని చెప్పుట నిరర్థకము కాదు. గెలిచినవాని వ్యవస్థ ఎంత చక్కనిదైనను, దానిని ఓడినవారు ఎట్లు జ్ఞాపకముంచుకొందురో అతడు నిర్ణయింపజాలడు.

కావున ఈ ఘట్టమును బోధించువారు మూడింటిని కలిపి చదివింపవలెనని మా మనవి: కావ్యమును, శాసనమును, ఐతిహ్యమును. మొదటిది ఏలిక తలంపును చెప్పును. రెండవది అతడు చేసితినని చెప్పుకొన్నదానిని చూపును. మూడవది ఏలబడినవారి మనస్సును కొంతయైనను వినిపించును. ఈ మూడవదానిని పుక్కిటిపురాణమని త్రోసివేసినచో, రాజనీతిని రాజు పక్షమునుండి మాత్రమే చదివినవారమగుదుము. అట్టి చదువునకు తాము చదువుచున్నది ప్రజాక్షేమమును గూర్చిన పద్యములని చెప్పుకొను అర్హత చాలదు.