కాలు దిగబడే వేళ

కాజీపల్లిలో మంచు చూడాలంటే మందుల కంపెనీలోకి రావాలి. రియాక్టర్లను చల్లబరచడానికి సున్నాకు బాగా దిగువన తిరిగే ఉప్పునీటిని మేం బ్రైన్ అంటాం. ఆ పైపుల మీద తొడుగు ఊడిన చోట గాలిలోని తేమ తెల్లగా పేరుకుంటుంది. రాత్రి షిఫ్టులో దాన్ని గోటితో గీరి చూసేవాణ్ణి. పిండిలా రాలేది. చిల్లింగ్ ప్లాంటు ఆగిందంటే ఆ పిండే కాసేపటికి గరుకెక్కి, గాజులా మెరిసి, చుక్కలు చుక్కలుగా కారిపోయేది. హిమాలయాల్లో నడిచేవాళ్లు ముందుగా చదవాల్సింది ఆ మార్పునేనని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మంచుకొండలు మనవాళ్లకు కొత్తేం కాదు. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డారు. వాళ్ల తొలి బడి మన భువనగిరి గుట్ట. నేను రాస్తున్నది సెలవు పెట్టుకుని వెళ్లే మాబోటివాళ్ల నడక గురించి. ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ అనే ఊరుంది. డెహ్రాడూన్ నుంచి పురోలా, మోరీ మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. దానిపైన 12,500 అడుగుల కేదార్‌కంఠ. జనవరిలో వెళ్లేవాళ్లే ఎక్కువ. నాకు సెలవు దొరికింది మార్చిలో, మంచు కరిగే రోజుల్లో. గడ్డకట్టిన మంచు మీద చలిని ఓర్చుకుంటే సగం పని అయినట్టే. కరిగే మంచు మీద ఓర్పు ఒక్కటే చాలదు, విద్య కావాలి.

ఆ విద్యలో సగం గడియారమే. పగలు ఎండకు మెత్తబడిన పైపొర రాత్రి మళ్లీ బిగుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి పైకి వెళ్లిపోయి గట్టిగా బిగుస్తుంది. మబ్బు పట్టిందా, ఆ వేడి దుప్పటి కింద ఉన్నట్టు ఆగిపోయి పొర మెత్తగానే మిగులుతుంది. అందుకే మా గైడ్ భయ్యా రాత్రి రెండింటికి గుడారం జిప్పు తీసి ముందు చుక్కల వైపు చూసేవాడు. మూడింటికల్లా నడక మొదలవ్వాలి. ఎండ ముదిరేలోపు వాలు దిగిపోవాలి. షిఫ్టు సైరన్‌కు బతికే మాకు ఈ క్రమశిక్షణ తేలిగ్గానే అబ్బింది.

మిగతా సగం కాళ్లది. ఎక్కేటప్పుడు బూటు మొనతో మంచును రెండు మూడుసార్లు తన్ని మెట్టు చేసుకోవాలి. వెనకవాళ్లు అదే మెట్టులో కాలు పెట్టాలి. అడుగులో అడుగు వేసి నడవడం అంటే ఏమిటో అక్కడ అర్థమైంది. ముందు నడిచేవాడికే శ్రమంతా కాబట్టి వంతులు మారుతుంటారు. దిగేటప్పుడు తీరు పూర్తిగా తిరగబడుతుంది. మోకాలు కాస్త వంచి, మడమను గుచ్చి, బరువంతా దాని మీద మోపాలి. భయం వేసినవాడు వెనక్కి వాలతాడు. వాలితే జారుతుంది.

మంచులో కాలు లోతుకు పోవడానికి మన దగ్గర వేరే మాట వెతుక్కోనక్కర్లేదు. దిగబడటమే. చిన్నప్పుడు నాట్లేసే మళ్లలో అమ్మ చెప్పేది, "కాలు గుంజకురా, మడమ తిప్పి తియ్యి." పదకొండు దాటాక పైన్ చెట్టు పక్కగా దిగుతూ నేను తొడ దాకా దిగబడినప్పుడు బయటపడేసింది ఆ మాటే. అసలు ఆ చెట్టు దగ్గరికి పోవడమే తప్పు. నల్లటి మొదలు, నల్లటి రాయి ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న మంచును లోపలినుంచే గుల్ల చేస్తాయి. పైకి నున్నగానే కనిపిస్తుంది. బూట్లకు తగిలించుకున్న ఇనుప ముళ్ల కింద తడిమంచు ఉండలు కడుతుంది. వానకు నల్లరేగడి చెప్పులకు అంటుకుంటుందే, అచ్చం అలాగే. నాలుగడుగులకోసారి కర్రతో కొట్టి రాల్చకపోతే ముళ్లున్నా లేనట్టే.

వాగుల మీది మంచు వంతెనలు మరీ మోసకారివి. కింద నీళ్ల చప్పుడు వినబడితే ఆగాలి. బూడిదరంగు, నీలపు మచ్చ కనిపిస్తే దాన్ని తప్పించాలి. కర్రతో పొడిచి చూసుకుంటూ, సంచి నడుం పట్టీ విప్పేసి, ఒక్కొక్కరే దాటాలి. ఎండ పడే వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతుంటే ఆ పక్కకే పోకూడదు. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మంచు చరియలు ఎక్కువగా విరిగిపడతాయి.

ఇంకో మాట, మేజోళ్ల గురించి. నీరు శరీరపు వేడిని గాలి కంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. పడుకునేటప్పుడు వేసుకునే పొడి ఉన్ని మేజోళ్లను పగలు ఎంత ఇబ్బందైనా బయటికి తీయకూడదు.

లద్దాఖ్‌లో జాన్‌స్కార్ నది గడ్డకట్టి తెల్లటి దారిగా మారితే చాదర్ అంటారు. తరతరాలుగా అక్కడివాళ్లకు చలికాలంలో బయటి లోకానికి అదే బాటగా ఉండేది. పాదం ఎత్తకుండా జరుపుతూ, కర్రతో తట్టి మంచు పలికే శబ్దం వింటూ నడుస్తారు. మధ్యలో మంచు విరిగితే గుహలో నెగడు వేసుకుని, నది మళ్లీ బిగిసేదాకా కాచుకుంటారు. నాకు ఈ విద్యలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ కాచుకోవడమే. కొండమీది ఊళ్లవాళ్లు పుస్తకంలో రాసిపెట్టకుండా ఒకరి కాళ్ల నుంచి ఒకరి కాళ్లకు దాటించిన జ్ఞానం అది.

మా రెండో రాత్రి మబ్బు కమ్మింది. తెల్లవారుజామున కొంతదూరం ఎక్కాక భయ్యా కర్ర గుచ్చాడు. అది పిడి దాకా దిగిపోయింది. శిఖరం కళ్లముందే ఉంది. హైదరాబాద్ నుంచి రైల్లో, జీపులో అంతదూరం వచ్చాం. ఆయన ఏమీ అనకుండా వెనక్కి తిరిగాడు, మేమూ తిరిగాం. శిఖరం ఎక్కకుండా దిగొచ్చిన ఆ నడకను ఎవరికైనా గర్వంగానే చెప్పుకుంటాను.

వచ్చే మార్చికి మా యూనిట్‌లో నలుగురు పేర్లిచ్చారు. 2020లో నటుడు ప్రభాస్ దత్తత తీసుకున్న 1,650 ఎకరాల కాజీపల్లి అడవి మాకు దగ్గరే. ఆదివారం పొద్దున్నే పది కిలోల సంచితో దాని అంచున నడుస్తున్నాం. కొత్త బూట్లు కొన్నవాళ్లను వాటితోనే రమ్మన్నాను. బొబ్బలెక్కితే ఇక్కడే ఎక్కాలి.